అడ్వర్స్ పొసెషన్ (హక్కుదారును కాదని దీర్ఘకాలం స్వాధీనంలో ఉండి ఆస్తిని దక్కించుకోవడం) కేసుల్లో వాడే లాటిన్ మాటలకు సరైన అర్థం ఏమిటి?

ప్రశ్న: పల్నాడు_రైతుబిడ్డ

నమస్కారం. మా నాన్నగారికీ, పెదనాన్నగారికీ పంపకాలు కాని ఉమ్మడి మాగాణి ఉంది. నాన్నగారు ఉద్యోగరీత్యా ఊరు విడిచిన నాటి నుంచి పెదనాన్నగారే సాగు చేయించేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఏటా పంట ఇంటికి చేరాక మా వాటా కింద బియ్యం బస్తాలు, అపరాలు లారీలో వేయించేవారు. ఆయన కాలం చేశాక అవి రావడం ఆగిపోయింది, నాన్నగారూ అడగలేదు. ఇప్పుడు మేము పంపకానికి దావా వేస్తే, పెదనాన్నగారి అబ్బాయి తన రిటన్ స్టేట్‌మెంట్‌లో (దావాకు ప్రతివాది ఇచ్చే రాతపూర్వక జవాబులో), తాము పన్నెండేళ్ళకు పైబడి స్వాధీనంలో ఉన్నామనీ, ఆ స్వాధీనం ‘నెక్ వి, నెక్ క్లామ్, నెక్ ప్రికారియో’ అనీ, తమకు ‘అనిమస్ పొసిడెండి’ ఉందనీ, మమ్మల్ని ఎప్పుడో ‘ఔస్టర్’ చేశామనీ రాయించారు.

కేసు సంగతి మా వకీలు గారు చూసుకుంటున్నారు. నేను అడిగేది ఆ మాటల అర్థం మాత్రమే. ఇంగ్లండు న్యాయం మీద రాసిన పుస్తకంలో అనిమస్ పొసిడెండికి చెప్పిన అర్థానికీ, మన సుప్రీంకోర్టు తీర్పుల్లో కనిపించే అర్థానికీ పొత్తు కుదరడం లేదు. ఒకే మాటకు రెండు చోట్ల రెండు అర్థాలు ఎలా వచ్చాయో తెలిసినవారు వివరిస్తే కృతజ్ఞుణ్ణి.

సమాధానం: సివిల్_కోర్టు_వకీలు

ముందు ఆ మూడు మాటల జట్టు సంగతి చూద్దాం. ‘బలవంతంగా కాదు, చాటుగా కాదు, అనుమతి మీద కాదు’ అని దాని అర్థం. ఇది రోమన్ న్యాయం నుంచి వచ్చింది. స్వాధీనంలో ఉన్నవాడికి రక్షణ ఇచ్చే ఉత్తర్వు జారీ చేసేటప్పుడు, అతను ఎదుటి పక్షం నుంచి ఆ భూమిని ఈ మూడింటిలో ఏ దారిన పొందినా ఆ రక్షణ దక్కదని అక్కడి ప్రీటర్ అనే న్యాయాధికారి షరతు పెట్టేవాడు. ఇంగ్లండులో ఈ జట్టు ఎక్కువగా దారి హక్కు, నీటి హక్కు వంటివి దీర్ఘకాల వాడుక వల్ల సంక్రమించే సందర్భాల్లో స్థిరపడింది. మన దేశానికి వచ్చేసరికి, 1930ల ఆరంభంలో దేబేంద్రలాల్ ఖాన్ కేసులో, అప్పట్లో మన కేసులకు చివరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దీన్ని అడ్వర్స్ పొసెషన్‌కు సంప్రదాయ లక్షణంగా చెప్పింది. అప్పటి నుంచి మన తీర్పుల్లో పాతుకుపోయింది.

‘వి’ గురించి చెప్పవలసింది తక్కువ: దౌర్జన్యంతో, నిత్యం గొడవల మధ్య నిలుపుకున్నది ప్రశాంతమైన స్వాధీనం అనిపించుకోదు. ‘క్లామ్’ అంటే చాటుతనం. హక్కుదారుకు నిజంగా తెలిసి తీరాలని దీని భావం కాదు. తన ఆస్తిని మామూలు శ్రద్ధతో చూసుకునే మనిషికి తెలిసేటంత బాహాటంగా ఉండాలి. ఎక్కువ కేసులు తేలేది మూడో మాట దగ్గర. ‘ప్రికారియో’ అంటే బతిమాలి పుచ్చుకున్నది, ఇచ్చినవాడు తలచుకున్నప్పుడు వెనక్కి తీసుకోగలిగినది. ‘నువ్వు చేసుకోరా, నేను పట్నం వెళ్తున్నాను’ అని అన్న తమ్ముడికి అప్పగించిన పొలం సరిగ్గా ఈ కోవలోకే వస్తుంది. అలా మొదలైన స్వాధీనం యాభై ఏళ్ళు సాగినా అనుమతి స్వాధీనంగానే ఉంటుంది. ఆ అనుమతిని తోసిపుచ్చి, ఇకపై ఇది నాదేనని హక్కుదారుకు తెలిసేలా ప్రకటించిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. కౌలుదారు కౌలు నడుస్తుండగా యజమాని హక్కును కాదనలేడన్న నియమం (2024 వరకు అమలులో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టంలో 116వ సెక్షన్) కూడా ఈ ఆలోచనకు దగ్గరిదే.

అందుకే ‘పన్నెండేళ్ళు దాటింది’ అన్న ఒక్క మాటతో ఏదీ తేలదు. 1963 కాలపరిమితి చట్టంలో 65వ అధికరణం ప్రకారం ఆ 12 ఏళ్ళు ప్రతివాది స్వాధీనం వాదికి ‘ప్రతికూలం’గా మారిన నాటి నుంచి నడుస్తాయి. హక్కు చూపించడం వరకే వాది పని. అలా మారినది ఏ రోజునో చూపించి, అక్కడి నుంచి పన్నెండేళ్ళు నిండాయని రుజువు చేయవలసిన భారం ప్రతివాదిది. నిండితే మాత్రం 27వ సెక్షన్ కింద హక్కే అంతరిస్తుంది. మామూలుగా కాలపరిమితి దాటితే దావా వేసే అవకాశం పోతుంది గానీ హక్కు పోదు. ఆస్తి స్వాధీనానికి ఈ చట్టం వేరే దారి పెట్టింది. ప్రభుత్వ భూమి అయితే 112వ అధికరణం కింద గడువు 30 ఏళ్ళు.

అడంగల్‌లో అనుభవదారు పేరు ఉండటమో, శిస్తు రసీదులు ఉండటమో చూపించి గెలిచేశామనుకునేవారు చాలామంది ఉంటారు. అవి స్వాధీనానికి సాక్ష్యాలు కావచ్చు గానీ, ఆ స్వాధీనం ఎవరి అనుమతితో, ఎవరి తరఫున సాగిందో అవి చెప్పవు.

సమాధానం: న్యాయశాస్త్ర_బోధకురాలు

అనిమస్ పొసిడెండి విషయంలో మీరు గమనించిన తేడా నిజమైనదే. మా విద్యార్థులు కూడా ప్రతి ఏటా దీని దగ్గరే తడబడతారు.

ఇంగ్లండులో ఈ మాటకు ‘స్వాధీనంలో ఉంచుకోవాలన్న సంకల్పం’ అని అర్థం. యజమాని కావాలన్న సంకల్పం అక్కర్లేదు. 2002లో అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన జె.ఎ. పై (ఆక్స్‌ఫర్డ్) లిమిటెడ్ వర్సెస్ గ్రాహమ్ కేసు చూడండి. బర్క్‌షైర్‌లో దాదాపు 25 హెక్టార్ల పొలాలు ఒక భూవ్యాపార సంస్థవి. పక్కనున్న గ్రాహమ్ కుటుంబానికి ఆ సంస్థ పశువుల మేతకు ఇచ్చిన ఒప్పందం 1983 చివరితో ముగిసింది. భవన నిర్మాణానికి అనుమతి తెచ్చుకోవాలన్న ఆలోచనతో సంస్థ దాన్ని పొడిగించలేదు. గ్రాహమ్‌లు మాత్రం పశువులను తోలుతూనే ఉన్నారు. గేటు తాళం చెవి వారి దగ్గరే ఉంది. అడిగి ఉంటే డబ్బు కట్టేవాళ్ళమని వాళ్ళు కోర్టులో ఒప్పుకున్నారు. అలా ఒప్పుకున్నా అనిమస్‌కు లోటు లేదనీ, ‘అడ్వర్స్’ అన్న మాటలో శత్రుత్వం వెతకనక్కర్లేదనీ లార్డ్ బ్రౌన్-విల్కిన్సన్ తీర్పు రాశారు. సంస్థ మానవ హక్కుల యూరోపియన్ కోర్టుకు వెళ్ళినా, 2007లో ఆ కోర్టు విస్తృత ధర్మాసనమైన గ్రాండ్ ఛాంబర్ ముందు ఓడిపోయింది.

ఈ కేసు మన దగ్గర జరిగి ఉంటే ‘కట్టేవాళ్ళం’ అన్న ఆ ఒక్క మాట గ్రాహమ్‌లకు పెద్ద ప్రతిబంధకమయ్యేది. మన సుప్రీంకోర్టు కర్ణాటక వక్ఫ్ బోర్డు (2004), పి.టి. మునిచిక్కన్న రెడ్డి (2007) కేసుల్లో అడిగినది మరింత కఠినమైనది: అసలు యజమాని ఎవరో ఎరిగి, అతని హక్కును కాదని, తన కోసం తాను అనుభవిస్తున్నానన్న సంకల్పం ఉండాలి. కాబట్టి ఇక్కడ అడ్వర్స్ అంటే హక్కుకు ఎదురు నిలవడమే. ఈ కాఠిన్యం సబబైనదేనని నా అభిప్రాయం. ఉద్యోగాల కోసం ఊళ్ళు విడిచి, బంధువుల మీద నమ్మకంతో పొలాలు అప్పగించిన కుటుంబాలున్న చోట ఇంగ్లండు కొలత పెడితే నమ్మినవాడే నష్టపోతాడు. ఇంగ్లండు కూడా రిజిస్టరైన భూముల విషయంలో 2002 చట్టంతో పద్ధతి మార్చుకుంది: 10 ఏళ్ళ స్వాధీనం తర్వాత దరఖాస్తు పెడితే యజమానికి నోటీసు వెళుతుంది, అతను అభ్యంతరం చెబితే చాలా సందర్భాల్లో అక్కడితో ఆగిపోతుంది.

మళ్ళీ ప్రశ్న: పల్నాడు_రైతుబిడ్డ

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. బస్తాలు పంపడం ఆపేయడమే ఔస్టర్ అవుతుందా? నాన్నగారు అడగకపోవడాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటారా?

సమాధానం: సివిల్_కోర్టు_వకీలు

ఔస్టర్ అంటే ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరు మరొకరిని హక్కు నుంచే వెళ్ళగొట్టడం. దీని మీద నేటికీ ప్రమాణంగా నిలిచినది తెలుగు కుటుంబంలోనే పుట్టిన కేసు: 1956 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చిన పి. లక్ష్మీరెడ్డి వర్సెస్ ఎల్. లక్ష్మీరెడ్డి. ఒక సహవారసుడు ఒంటరిగా స్వాధీనంలో ఉండి, ఫలసాయమంతా తానే తిన్నంత మాత్రాన చాలదనీ, చట్టం దృష్టిలో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనమేననీ, ఔస్టర్‌ను విడిగా రుజువు చేయాలనీ ఆ తీర్పు చెప్పింది. అంటే మీ వాటాను కాదంటున్నామన్న బాహాటమైన ప్రకటన గానీ ప్రవర్తన గానీ ఉండాలి, అది మీకు తెలిసేలా జరగాలి. బస్తాలు ఆగడం, నాన్నగారు మొహమాటంతోనో ఆప్యాయతతోనో ఊరుకోవడం, వాటంతట అవి ఆ స్థాయికి రావు. వాటా అడిగినప్పుడు ‘మీకేమీ లేదు’ అని ముఖాన చెప్పి ఉంటే, లేదా మీకు తెలిసేలా పొలమంతా తనదేనని అమ్మకానికి పెట్టి ఉంటే, అది వేరే సంగతి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో వాటా కోరే దావాలకు వర్తించే 110వ అధికరణం కూడా, తనను మినహాయించారన్న సంగతి వాదికి తెలిసిన నాటి నుంచే 12 ఏళ్ళు లెక్కిస్తుంది.

ఇక పెదనాన్నగారు బస్తాలు పంపిన కాలం మీకు ఎంతో విలువైనది. మీ వాటాను ఆయన ఒప్పుకున్నారనడానికి అదే సాక్ష్యం. ఆ రోజుల నాటి ఉత్తరాలు, లారీ ఆఫీసు రసీదులు, ‘ఈసారి దిగుబడి తగ్గింది, తక్కువ పంపుతున్నాను’ అని రాసిన కార్డు ముక్క ఉన్నా సరే, వెతికి మీ వకీలు గారికి అందజేయండి. ఏ తేదీన, ఎవరి ముందు, ఏ విధంగా మిమ్మల్ని వెళ్ళగొట్టారో ప్రతివాదిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగమని కూడా చెప్పండి. రిటన్ స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ లేకపోతే, ఆ మూడు లాటిన్ మాటలు దాని లోటు తీర్చలేవు.