ఇమామత్‌కు అర్హుడెవరు: ఖిరాత్ (ఖుర్ఆన్ పఠనం) ముందా, మసాయిల్ (నమాజు నియమాల ఎరుక) ముందా?

ప్రశ్న అడిగినవారు (కృష్ణా జిల్లా)

అస్సలాము అలైకుమ్. మా మస్జిద్ ఇమాం గారు (ముందు నిలబడి నమాజు చదివించేవారు) తల్లికి ఒంట్లో బాగులేదని ఉత్తరప్రదేశ్‌లోని సొంతూరికి వెళ్లారు. ఆయన తిరిగి రావడానికి నెల పట్టవచ్చు. మొన్న మగ్రిబ్‌కు ఇఖామత్ (నమాజు మొదలవుతోందన్న పిలుపు) అయిపోయినా ముసల్లా (ఇమాం నిలబడే చాప) ఖాళీగానే ఉంది. ‘మీరు పదండి’ అంటే ‘మీరే పదండి’ అని ఒకరినొకరు ముందుకు నెట్టుకున్నారు. చివరికి నిరుడు హిఫ్జ్ (ఖుర్ఆన్ కంఠస్థం) పూర్తి చేసిన పన్నెండేళ్ల అబ్బాయిని నిలబెట్టారు. ఖిరాత్ ఎంతో శ్రావ్యంగా సాగింది. అయితే రెండో రకాత్ (నమాజులో ఒక ఆవృత్తి) తర్వాత కూర్చోవడం మరిచి లేచి నిలబడ్డాడు. వెనుక నుంచి ‘సుబ్హానల్లాహ్’ అనగానే బెదిరి కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. సగం సఫ్ (వరుస) నిలబడి, సగం కూర్చుని ఉంది. సజ్దా సహ్వ్ (పొరపాటుకు సవరణగా చేసే సజ్దా) కూడా చేయకుండానే సలాం చెప్పి నమాజు ముగించాడు. పెద్దవాళ్లు కొందరు ఎవరికి వారు నమాజును తిరిగి చదువుకున్నారు.

మిగిలినవారు ఇద్దరు. ఒకరు విశ్రాంత ఉపాధ్యాయులు. వయసులో పెద్దవారు, నియమపాలకులు, కానీ ‘స్వాద్’, ‘సీన్’ అనే అరబీ అక్షరాలకు వారి నోట తేడా ఉండదు. రెండోవారు మదర్సాలో ఆలిం (ధర్మ పండితుడి) చదువు పూర్తి చేసిన ఇరవై ఆరేళ్ల యువకుడు. ఖిరాత్ సాదాగానే ఉన్నా అక్షరం తప్పు పోదు. ఈ ముగ్గురిలో షరీఅత్ ఎవరిని ముందు నిలబెట్టమంటుంది?

హదీసు విద్యార్థి

సమాధానం సహీహ్ ముస్లిం అనే హదీసుల (ప్రవక్త మాటల, చేతల) సంకలనంలో అబూ మస్ఊద్ అన్సారీ (రజి) ఉల్లేఖనంలో స్పష్టంగా ఉంది. జనానికి ఇమామత్ చేయవలసినవాడు అల్లాహ్ గ్రంథాన్ని అందరికన్నా బాగా ఓదేవాడు. ఓదడంలో సమానులైతే సున్నత్ (ప్రవక్త ఆచరణ) ఎక్కువ తెలిసినవాడు. అందులోనూ సమానులైతే హిజ్రత్ (మదీనాకు వలస) ముందు చేసినవాడు. ఆ తర్వాత ఇస్లాం ముందు స్వీకరించినవాడు, మరో ఉల్లేఖనం ప్రకారం వయసులో పెద్దవాడు. ప్రవక్త (స) వరసను నోటితోనే చెప్పి ఉండగా మనం దాన్ని తారుమారు చేయడం ఎందుకు? ఇమాం అహ్మద్ బిన్ హంబల్ మార్గం కూడా ఖిరాత్‌కే మొదటి స్థానం ఇచ్చింది.

పిల్లవాడి విషయానికి వస్తే, బుఖారీ హదీసు గ్రంథంలో అమ్ర్ బిన్ సలమా (రజి) ఉదంతం ఉంది. వారి తెగ బాటసారులు ఆగే నీటి రేవు దగ్గర ఉండేది. వచ్చేపోయేవారి నోట విని ఆ బాలుడు ఖుర్ఆన్ నేర్చుకున్నాడు. మక్కా విజయం తర్వాత తెగ ఇస్లాం స్వీకరించినప్పుడు, ఆరేడేళ్ల అతనికే అందరికన్నా ఎక్కువ ఖుర్ఆన్ వచ్చునని ఇమాంగా నిలబెట్టారు. సజ్దాలోకి వెళ్తే అతని పొట్టి వస్త్రం పైకి పోయేది. అది చూసి ఒక స్త్రీ, మీ ఖారీకి (ఖుర్ఆన్ ఓదేవాడికి) వెనక కప్పరా అని అడిగితే, గుడ్డ కొని చొక్కా కుట్టించారు. ఆ చొక్కాకు తాను పొందినంత సంతోషం మరి దేనికీ పొందలేదని ఆయనే చెప్పుకున్నారు.

మదర్సాలో చదివినవారు (గుంటూరు)

హదీసును తారుమారు చేస్తున్నామన్న మాట సరి కాదు. సహాబాలు (ప్రవక్త సహచరులు) ఆయతులను (ఖుర్ఆన్ వాక్యాలను) అర్థంతోనూ ఆజ్ఞలతోనూ కలిపి నేర్చుకునేవారు కాబట్టి ఆ కాలంలో బాగా ఓదేవాడు బాగా తెలిసినవాడు కూడా అయ్యేవాడు. నేడు ఒక్క ఆయతు అర్థం తెలియకుండానే ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం చేసినవారు ఎందరో ఉన్నారు. అందుకే హనఫీ, మాలికీ, షాఫిఈ మార్గాల ఫుఖహాలు (ధర్మశాస్త్ర పండితులు) నమాజు మసాయిల్ ఎక్కువ తెలిసినవాడిని ముందుంచారు. ఉబయ్ బిన్ కఅబ్ (రజి) మాలో అందరికన్నా మంచి ఖారీ అని ఉమర్ (రజి) స్వయంగా అన్నారు. అయినా ప్రవక్త (స) తమ చివరి జబ్బులో, తమ భార్య హజ్రత్ ఆయిషా (రజి) మరీ మరీ వద్దన్నా, అబూబకర్ (రజి) చేతనే నమాజు చదివించమన్నారు.

హనఫీ పండితులు చెప్పే కారణం సూటిగా ఉంటుంది: ఖిరాత్ నమాజులోని ఒక్క అంగానికే, అంటే ఒక్క రుకున్‌కే అవసరం, ఇల్మ్ (జ్ఞానం) అన్ని రుకున్‌లకూ అవసరం. మీ మగ్రిబ్‌లో జరిగింది సరిగ్గా ఇదే. మొదటి ఖాయిదా (రెండో రకాత్ తర్వాత కూర్చోవడం) మరిచి పూర్తిగా నిలబడినవాడు వెనక్కి రాకూడదు, చివర సజ్దా సహ్వ్ చేయాలి. ఇంత చిన్న మస్అలా (నియమం) తెలియకనే ఆ పసివాడు అంతమంది ముందు వణికిపోయాడు. తప్పు అతనిది కాదు, నెట్టినవారిది.

పైగా హనఫీ మార్గంలో బాలిగ్ (యుక్తవయసు వచ్చినవాడు) కానివాడి నమాజు నఫిల్ (ఐచ్ఛిక నమాజు) కిందికే వస్తుంది. నఫిల్ చదివేవాడి వెనుక ఫర్జ్ (తప్పనిసరి నమాజు) నిలవదు. పెద్దలు నమాజును తిరిగి చదువుకోవడం ఆ లెక్కన సబబే. ఇక అమ్ర్ (రజి) ఉదంతం ఆ తెగవారు తమంతట తాము చేసుకున్న ఏర్పాటు. దాన్ని ప్రమాణంగా తీసుకుంటే సత్ర్ (కప్పుకోవలసిన దేహభాగం కప్పుకోవడం) సరిగా లేకున్నా నమాజు అవుతుందని కూడా ఒప్పుకోవలసి వస్తుంది.

బార్కస్ నివాసి (హైదరాబాద్)

మా బార్కస్‌లో హజ్రమీ అరబ్బుల సంతతి ఎక్కువ, మేము షాఫిఈ మార్గం పాటిస్తాము. మాకు విచక్షణ తెలిసిన బాలుడి వెనుక ఫర్జ్ కూడా చెల్లుతుంది. ముఆజ్ బిన్ జబల్ (రజి) ప్రవక్త (స) వెనుక ఇషా (రాత్రి నమాజు) చదివి, తమవారి దగ్గరికి వెళ్లి అదే ఇషాకు ఇమామత్ చేసేవారు. రెండోసారి చదివింది ఆయనకు నఫిలే కదా. అయితే చెల్లడం వేరు, ఉత్తమం కావడం వేరు. అబ్బాయి ఖిరాత్ ఎంత మేలైనదైనా, బాలిగ్ ఉండగా బాలుడిని ముందు నిలబెట్టడం మా మార్గంలోనూ మేలు కాదు. కాబట్టి మీ ఊరి విషయంలో నాకూ గుంటూరు సోదరుడికీ ఫలితంలో తేడా లేదు.

ప్రశ్న అడిగినవారు

అసలు చిక్కు నేను మొదట రాయలేదు, రాయడానికి మనసు రాలేదు. ఆ ఆలిం యువకుడు దూదేకుల కుటుంబం వాడు. తాత దూది ఏకేవారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. కమిటీలో ఒక పెద్దాయన, ఉర్దూ సరిగా రానివాడి వెనుక మనం నమాజు చదవాలా అన్నారు. జనం ఇష్టపడని ఇమాం నమాజు అతని తల దాటి పైకి పోదని హదీసు ఉంది కదా అని కూడా అంటున్నారు.

మదర్సాలో చదివినవారు (గుంటూరు)

మనసు కష్టమైంది. నమాజులో ఓదేది అరబీ. అందులో ఉర్దూకు ఎంత చోటు ఉందో తెలుగుకూ అంతే ఉంది. జుమా నాడు బయాన్ (ప్రసంగం) తెలుగులో చెబితే ఉర్దూ రాని పిల్లలకు కాస్త అర్థమవుతుంది కూడా.

జనం ఇష్టపడని ఇమాం గురించిన హదీసు ఉన్నమాట నిజమే. అయితే ఆ అయిష్టం ఇమాంలోని దీనీ (ధార్మిక) లోపం వల్ల కలిగినదై ఉండాలని ఫుఖహాలు తేల్చారు. లోపం లేనివాడిని అర్హుడై ఉండగా ద్వేషిస్తే ఆ తప్పు ద్వేషించేవారి మీదనే పడుతుంది. వంశం సంగతి దాచను: హనఫీ పాఠ్యగ్రంథాల్లో అది కూడా ఒక మెట్టుగా కనిపిస్తుంది. కానీ అది ఇల్మ్, ఖిరాత్, పరహేజ్‌గారీ (నియమపాలన), వయసు, నడవడి అన్నింటిలోనూ ఇద్దరు సమానులై తేలనప్పుడు ఎక్కడో చివర వచ్చే మెట్టు. దాన్ని మొదటి మెట్టు చేయడానికి ఏ గ్రంథమూ ఒప్పుకోదు.

ప్రవక్త (స) మదీనా చేరకముందు, మదీనా పక్కనున్న ఖుబా దగ్గర ముందుగా వచ్చిన ముహాజిర్లకు (మక్కా నుంచి వలస వచ్చినవారికి) ఇమాం ఎవరు? అబూ హుజైఫా (రజి) మౌలా అయిన సాలిం (రజి). బానిసత్వం నుంచి విడుదలైన ఆయన వెనుక ఖురైష్ పెద్దలు నిలబడ్డారు, ఉమర్ (రజి) కూడా నిలబడ్డారు. తర్వాత ఉమర్ (రజి) ఖలీఫా అయినప్పుడు, మక్కా అధికారి తనను కలవడానికి వస్తూ అక్కడ ఇబ్నె అబ్జా అనే విముక్త బానిసను తన బదులు ఉంచి వచ్చాడు. విముక్త బానిసనా ఉంచావు అని ఉమర్ (రజి) అడిగితే, అతను అల్లాహ్ గ్రంథం ఓదగలవాడు, వారసత్వ శాస్త్రం తెలిసినవాడు అని బదులిచ్చాడు. అప్పుడు ఉమర్ (రజి), ఈ గ్రంథంతోనే అల్లాహ్ కొందరిని పైకెత్తుతాడు, కొందరిని కిందికి దించుతాడని మీ ప్రవక్త చెప్పలేదా అన్నారు. దూది ఏకినవారి మనవడు అని వంక పెట్టేవారికి ఇంతకన్నా ఏం చెప్పాలి?

హదీసు విద్యార్థి

సాలిం (రజి)ను ముందు నిలబెట్టింది ఆయనకు ఎక్కువ ఖుర్ఆన్ రావడమేనని బుఖారీలోనే ఉంది. కాబట్టి ఖిరాత్ మొదటిదన్న నా మాట నేను వెనక్కి తీసుకోను. అయినా మీ ఊరికి వచ్చేసరికి నా వేలు కూడా ఆ యువకుడి వైపే చూపుతుంది. అబ్బాయిని పక్కన పెడితే మిగిలిన ఇద్దరిలో అతని ఖిరాతే సరైనది. ఉపాధ్యాయుల వారి ఇబ్బంది ‘స్వాద్’ వరకైతే సర్దుకోవచ్చు. కానీ ఫాతిహాలో ‘అన్‌అమ్త’ను ‘అన్‌అమ్తు’ అని పలికితే ‘నీవు అనుగ్రహించావు’ అన్నది ‘నేను అనుగ్రహించాను’ అయిపోతుంది. వారిని నొప్పించకుండా ఎవరైనా ఒకసారి కూర్చుని వినాలి.

ప్రశ్న అడిగినవారు

ఉపాధ్యాయుల వారితో ఈ మధ్యాహ్నమే మాట్లాడాను. తన ఖిరాత్ సంగతి తనకు తెలుసనీ, ఆ యువకుడి దగ్గరే రోజూ ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత తజ్వీద్ (ఖుర్ఆన్ ఉచ్చారణ) సరిచేసుకుంటాననీ వారే అన్నారు. రాత్రి ఇషా తర్వాత కమిటీ కూర్చుంటుంది. సాలిం (రజి), ఇబ్నె అబ్జాల సంగతి ఆ పెద్దాయన ఎదుటే చెబుతాను. అబ్బాయి మాత్రం మగ్రిబ్ నాటి నుంచి మస్జిద్‌కు రావడం లేదు. నమాజులో ఉన్న తెలివైన బాలుడు ఇమాంకు లుఖ్మా (తప్పు దొర్లితే గుర్తుచేసే మాట) అందించవచ్చని యువకుడు చెప్పాడు. రేపు ఫజర్‌కు అతన్ని ఇంటి నుంచి నేనే వెంటబెట్టుకొచ్చి, మొదటి సఫ్‌లో ఇమాం వెనుకే నిలబెడతాను.