రసాయన చర్యలు లెక్కలు చేస్తాయనడం అక్షరాలా నిజమేనా?

ప్రశ్న:
జీవరసాయన చర్యలను, అంకెలకు బదులు నిరంతరంగా మారే రాశులతో లెక్కలు చేసే అనలాగ్ కంప్యూటర్‌లా వాడుకోవచ్చని చదివాను. ఎలక్ట్రానిక్ భాగమైన ఆపరేషనల్ యాంప్లిఫయర్‌తో రెండు వోల్టేజీలను కూడటం నాకు తెలిసిన విషయమే. కానీ అణువులు ఢీకొంటూ తిరిగే ద్రావణంలో సంఖ్య ఎక్కడుంది, లెక్క ఎక్కడ జరుగుతోంది? దీన్ని గణన అనడం కేవలం పోలికేనా?

జవాబు 1:
పోలిక కాదండి. వోల్టేజీ చేసే పనిని ఇక్కడ గాఢత చేస్తుంది. క, ఖ అనే రెండు ఉత్ప్రేరకాలు విడివిడిగా గ అనే పదార్థాన్ని తయారు చేస్తున్నాయని, గ తన గాఢతకు అనులోమానుపాతంలో క్షయిస్తోందని అనుకోండి. రేటు స్థిరాంకాలన్నీ (చర్యల వేగాన్ని నిర్ణయించే సంఖ్యలు) సమానమైతే, తయారీ, క్షయం సరితూగే స్థితిలో గ గాఢత క, ఖ గాఢతల మొత్తమే అవుతుంది. గ తయారీకి క, ఖ రెండూ కలవక తప్పదంటే, ద్రవ్యరాశి క్రియా నియమం (చర్య వేగం కలిసే పదార్థాల గాఢతల లబ్ధానికి అనుపాతంలో ఉంటుందనేది) ప్రకారం వచ్చేది ఆ గాఢతల లబ్ధం. ఇక నాకు అన్నిటికన్నా అందంగా తోచేది వర్గమూలం: క ఒక్కటే గ ను తయారు చేస్తూ, గ అణువులు జంటలుగా మాత్రమే నశించేలా చూస్తే, క్షయం రేటు గ వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, గ గాఢత క వర్గమూలానికి అనుపాతంలో నిలుస్తుంది.

జవాబు 2:
పై జవాబుకు జీవకణంలో రుజువు కూడా ఉంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రాహుల్ సర్పేష్కర్, తిమోతీ లూ తదితరులు ఇ.కోలై బాక్టీరియాలో ఇలాంటి జన్యు సర్క్యూట్లను నిర్మించి 2013లో నేచర్ పత్రికలో ప్రచురించారు. మామూలుగా జన్యు స్విచ్ కొద్దిపాటి పరిధి దాటగానే సంతృప్తమైపోతుంది, ఆపై ఇన్‌పుట్ పెంచినా అవుట్‌పుట్ పెరగదు. వారు, తయారైన పదార్థమే తన తయారీని మరింత పెంచే ధనాత్మక ఫీడ్‌బ్యాక్‌ను జోడించి, ఇన్‌పుట్ దాదాపు పదివేల రెట్లు మారినా అవుట్‌పుట్ దాని లాగరిథమ్‌ను అనుసరించేలా చేశారు. లాగరిథమ్ చేతికి వచ్చాక గుణకారం కూడికగా, భాగహారం తీసివేతగా మారిపోతాయి గదా! కూడిక, నిష్పత్తి, ఘాతం వంటి లెక్కలకు మూడు ట్రాన్స్‌క్రిప్షన్ ఫాక్టర్లకు (జన్యువుల పనిని నియంత్రించే ప్రోటీన్లకు) మించి అవసరం పడలేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. మరి ఖచ్చితత్వం మాటేమిటి?

జవాబు 3:
అసలు చిక్కు అక్కడే ఉంది. అణువుల పుట్టుక, క్షయం యాదృచ్ఛికాలు. సగటున 100 అణువులుంటే ఒడుదొడుకు దాదాపు 10 శాతం, 10,000 ఉంటే 1 శాతం. అంటే ఖచ్చితత్వం పదింతలు కావాలంటే అణువులు వందింతలు కావాలి, ఆ ప్రోటీన్లను తయారు చేసే శక్తినంతా కణమే భరించాలి. పైగా ఒక దశ అవుట్‌పుట్‌ను తర్వాతి దశకు కలిపితే, అక్కడ అతుక్కున్న అణువుల వల్ల మొదటి దశ ప్రవర్తన కూడా మారుతుంది. అందుకే తక్కువ ఖచ్చితత్వం చాలిన చోట అనలాగ్ పద్ధతి చౌకగా పనిచేస్తుందని, దశలు పెరిగేకొద్దీ మధ్యలో స్విచ్‌లాంటి డిజిటల్ నిర్ణయాలు అవసరమవుతాయని నా అభిప్రాయం.