షెఫీల్డ్ దగ్గరి కొండల్లో సైకిల్ యాత్ర: కొత్తగా వచ్చిన తమ్ముడికి సలహాలు

ప్రశ్న (షెఫీల్డ్ నుంచి):

అందరికీ నమస్కారం. జనవరిలో ఉద్యోగం మీద ఇంగ్లండులోని షెఫీల్డ్ వచ్చాను. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పలకల నీడలో వేసిన సైకిల్ ట్రాక్ మీద ఆదివారం వస్తే 40 కిలోమీటర్లు తొక్కేవాణ్ణి. ఇక్కడ గేర్ల సైకిల్ ఒకటి పాతది కొన్నాను. ఫోనులో చూస్తే కాసిల్టన్ మీదుగా బక్స్‌టన్ వెళ్ళి రావడానికి 90 కిలోమీటర్లలోపే చూపిస్తోంది. ఏప్రిల్‌లో ఒక్కరోజులో వెళ్ళి రావచ్చా? అనుభవం ఉన్న అన్నయ్యలు, అక్కయ్యలు చెప్పగలరు.

జవాబు (షెఫీల్డ్ నుంచే):

తమ్ముడూ, మొదటి ప్రయాణానికి ఆ దారి పట్టవద్దు. నీ కాళ్ళ సత్తువ మీద నాకు అనుమానం లేదు. చదును నేల మీద 40 తొక్కినవాడు ఇక్కడ 20 కిలోమీటర్లకే చతికిలబడడం నేను చాలాసార్లు చూశాను, అందుకే చెబుతున్నాను. పీక్ డిస్ట్రిక్ట్ అనే ఈ కొండల ప్రాంతంలో దూరం కన్నా ముందు ఎంత ఎత్తు ఎక్కాలో లెక్క వేసుకోవాలి.

కాసిల్టన్ దాటగానే విన్నాట్స్ పాస్ అనే కనుమ వస్తుంది. రెండు వైపులా సున్నపురాతి గోడలు నిలువుగా లేచి ఉంటాయి, నడుమ సన్నని రోడ్డు. వాలు 20 శాతానికి పైమాటే. అంటే 100 మీటర్లు ముందుకు వెళ్ళేసరికి 20 మీటర్లు పైకి ఎక్కుతావు. పూర్వం మామ్ టోర్ కొండ పక్కనుంచి వాలు తక్కువగా ఉన్న పెద్ద రోడ్డు ఉండేది. కొండచరియ జారి జారి ఆ రోడ్డు ముక్కలైపోవడంతో 1979లో దాన్ని వాహనాలకు శాశ్వతంగా మూసేశారు. అప్పటినుంచి కార్లు కూడా విన్నాట్స్ మీదకే వస్తాయి. నా మొదటి ఏడాది అక్కడే, సగం ఎక్కాక, ఊపిరి అందక గేరు మార్చబోయాను. బరువంతా పెడల్ మీద ఉన్నప్పుడు చైను పక్క పన్నుకు ఎక్కదు. కరకరమని జారింది, సైకిల్ నిలిచిపోయింది, నేను పక్కకు ఒరిగి పడ్డాను. వెనకాల కారు దూరంగా ఉంది కాబట్టి మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. ఎక్కుడు కనబడగానే, ఇంకా వేగం ఉన్నప్పుడే, తేలిక గేరులోకి వచ్చెయ్యి: ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్దది.

ఈ కొండలను మనకు మెల్లగా అలవాటు చేసేవి పాత రైలు మార్గాలు. ఆవిరి ఇంజను నిటారు వాలు ఎక్కలేదు. అందుకని ఆనాటి ఇంజనీర్లు కొండలు తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి దారిని సరిచేశారు. రైళ్ళు ఆగిపోయాయి, ఆ దారి మనకు మిగిలింది. నువ్వు మాన్సల్ ట్రెయిల్‌తో మొదలుపెట్టు. బేక్‌వెల్ నుంచి చీ డేల్ లోయ అంచున ఉన్న బ్లాక్‌వెల్ మిల్ దాకా ఎనిమిదిన్నర మైళ్ళు, మన లెక్కలో దాదాపు 14 కిలోమీటర్లు. 1860లలో వేసిన ఈ లైనును 1968లో మూసేశారు. సొరంగాలు చాలా ఏళ్ళు మూతబడి ఉండి 2011లో నడిచేవారికీ సైకిళ్ళకూ తెరుచుకున్నాయి.

బేక్‌వెల్ వైపు నుంచి వెళితే హెడ్‌స్టోన్ సొరంగం వస్తుంది. మండు వేసవిలో కూడా లోపలికి వెళ్ళగానే చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటాయి. పైనుంచి నీటి బొట్లు మెడ మీద పడతాయి. చక్రాల కింద కంకర చప్పుడు గోడలకు తగిలి రెట్టింపై వినిపిస్తుంది. దూరాన రూపాయి బిళ్ళంత ఉన్న వెలుగు పెరిగి పెరిగి, ఒక్కసారిగా నువ్వు వంతెన మీద ఉంటావు. కింద వై నది మెలిక తిరిగి పోతూ ఉంటుంది, దాని వెంట పచ్చిక. ఈ లోయను రైలు పాడుచేస్తుందని ఆ రోజుల్లో జాన్ రస్కిన్ అనే ఆంగ్ల రచయిత మండిపడ్డాడు. ఇప్పుడు అదే వంతెనను చూడడానికి జనం వస్తున్నారు. నేను అక్కడ ఆగకుండా ఎన్నడూ ముందుకు పోలేదు. సొరంగాల్లో దీపాలు పగటిపూట మాత్రమే వెలుగుతాయి, చీకటి పడితే ఆరిపోతాయి. సైకిల్‌కు దీపాలు తప్పక పెట్టుకో.

బేక్‌వెల్‌కు రైలు లేదు. షెఫీల్డ్‌లో మాంచెస్టర్ వైపు వెళ్ళే హోప్ వ్యాలీ ప్యాసింజరు ఎక్కి గ్రిండిల్‌ఫర్డ్‌లో దిగు. సైకిల్‌కు టికెట్ అక్కరలేదు, కానీ ఒక్కో రైలులో సాధారణంగా రెండింటికే చోటు, ముందు వచ్చినవారికే ఆ చోటు. పొద్దున్నే బయలుదేరితే ఇబ్బంది ఉండదు. గ్రిండిల్‌ఫర్డ్ నుంచి కాల్వర్, హాసప్ మీదుగా ట్రెయిల్ దాకా సుమారు పది కిలోమీటర్లు రోడ్డు. వాహనాలు ఉంటాయి. గోడ అంచుకు అతుక్కుపోయి తొక్కవద్దు, అలా తొక్కితే ఇరుకున కూడా దాటెయ్యవచ్చని వెనకవాళ్ళు అనుకుంటారు. 2022లో సవరించిన హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమావళి) ప్రకారం సైకిల్‌ను దాటేవారు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం ఇవ్వాలి.

ఫోనును మాత్రమే నమ్ముకోకు. లోయల్లో సిగ్నల్ పోతుంది, పైగా దగ్గర దారి పేరుతో నిన్ను నిలువు గోడ మీదకు పంపిస్తుంది. ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి గులాబీ అట్ట మ్యాపు కొనుక్కో, ఈ ప్రాంతానికి 110, 119 నంబర్లవి. అందులో ఒక్కో ఎత్తు గీతకు 10 మీటర్లు. గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట దారి నిటారు. రోడ్డు మీద ఒక బాణం గుర్తు ఉంటే వాలు 14 నుంచి 20 శాతం, రెండు బాణాలుంటే 20 దాటినట్టు. బాణం మొన దిగువ వైపు చూపిస్తుంది. నేను ఇప్పటికీ ముందురోజు రాత్రి మ్యాపు పరుచుకుని దారిలో ఎన్ని బాణాలున్నాయో వేలితో లెక్కపెడతాను.

మళ్ళీ ప్రశ్న:

అన్నయ్యా, ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. పొలాల మధ్య గేట్లు, కాలిబాటలు చాలా కనిపిస్తున్నాయి, వాటిలో సైకిల్ మీద వెళ్ళవచ్చా? మధ్యాహ్నం తిండి ఎలా?

జవాబు (డార్బీ నుంచి ఒక అక్కయ్య):

తమ్ముడూ, కాలిబాట అని బోర్డు ఉన్నచోట తొక్కకూడదు. గుర్రాలు వెళ్ళే బాటలు వేరే ఉంటాయి, వాటిని బ్రైడిల్‌వే అంటారు. 1968 నాటి చట్టం వాటి మీద సైకిళ్ళను అనుమతించింది, అయితే నడిచేవారికీ గుర్రాలకూ మనమే దారి ఇవ్వాలి. గుర్రం వెనకనుంచి వెళుతున్నప్పుడు కాస్త దూరంనుంచే గొంతెత్తి నమస్కారం చెప్పు, బెదరదు. గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూసెయ్యి, తెరిచి ఉంటే అలాగే వదిలెయ్యి. అవి ఎవరివో గొర్రెలు, ఎవరిదో బతుకుతెరువు. రోడ్డుకు అడ్డంగా ఇనుప కడ్డీల గుంటలు వస్తాయి, పశువులు దాటకుండా వేసినవి. వాన పడ్డాక అవి సబ్బులా జారతాయి. హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు వెయ్యకుండా, నేరుగా దాటు.

తిండి సంగతి: పల్లెటూరి పబ్బుల్లో చాలాచోట్ల మధ్యాహ్నం వంట ఆపేసి మళ్ళీ సాయంత్రమే మొదలుపెడతారు. నేను డబ్బాలో పులిహోర పెట్టుకుంటాను, జేబులో పల్లీ చిక్కీ. ఆకలి తెలిశాక తింటే ఆలస్యమైనట్టే, గంటకొకసారి కొంచెం తింటూ ఉండు.

మాన్సల్ తరవాత టిస్సింగ్టన్ ట్రెయిల్‌కు రా. ఆష్‌బోర్న్ నుంచి పార్స్లీ హే దాకా 13 మైళ్ళు. వెళ్ళేటప్పుడు అంతా కొద్దికొద్దిగా ఎక్కుడే, కాళ్ళు తాజాగా ఉన్నప్పుడే అది అయిపోతుంది, తిరుగుదారి హాయిగా దిగుడు. ఆ రెండు చోట్లా సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయి. వీలైతే మే నెలలో, క్రీస్తు ఆరోహణ పర్వం నాటి గురువారం చూసుకుని బయలుదేరు. ఆ రోజు టిస్సింగ్టన్ గ్రామంలో బావులను అలంకరిస్తారు. చెక్కపలకల మీద తడి బంకమట్టి పరిచి, గింజలతో బొమ్మ అంచులు కట్టి, పూల రేకులు ఒక్కొక్కటే నొక్కి బొమ్మ నింపుతారు. కింది వరుసనుంచి మొదలుపెట్టి పై రేకు అంచు కింది రేకు మీదకు వచ్చేలా పెంకుటింటి కప్పులా పేరుస్తారు, వాన పడినా నీరు జారిపోవడానికి. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు పూలను వరుస తప్పకుండా సర్దడం గుర్తొచ్చి అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. నీళ్ళ దగ్గరికి పూలు తీసుకెళ్ళే జనం ఇక్కడా ఉన్నారని ఆ రోజు తెలిసింది.

మొదటి జవాబు రాసిన అన్నయ్య:

అక్కయ్య చెప్పినట్టే చెయ్యి. ఏప్రిల్ రెండో శనివారం ఉదయం నేను గ్రిండిల్‌ఫర్డ్ స్టేషన్‌లో దిగుతాను, నువ్వూ ఆ రైలుకే రా. నా దగ్గర 119 నంబరు మ్యాపు రెండు ఉన్నాయి, ఒకటి నీకు తెస్తాను. నువ్వు మాత్రం నీ చక్రం కొలతకు సరిపోయే ట్యూబు, పంపు తెచ్చుకో. మన ఊళ్ళో కూడలికొక పంక్చరు దుకాణం ఉండేది, ఇక్కడ పంక్చరు మనమే వేసుకోవాలి. రాకపోతే దారిలో నేర్పిస్తాను.