మూడోసారీ నిలవలేదు. అసలు ఏ పరీక్షలు చేయించుకోవాలి?

ఖమ్మం_కోడలు:

నమస్తే. నాకు 29 ఏళ్లు, పెళ్లయి నాలుగేళ్లు. మూడుసార్లు నెల తప్పాను, మూడుసార్లూ నిలవలేదు. మొదటిది ఏడో వారంలో దానంతట అదే పోయింది. రెండోసారి తొమ్మిదో వారం స్కాన్‌లో హార్ట్‌బీట్ లేదన్నారు, మాత్రలు ఇచ్చారు. మూడోది పోయిన నెలలో, డి అండ్ సి (గర్భసంచి శుభ్రం చేసే చిన్న ఆపరేషన్) చేశారు.

మొదటిసారి బొప్పాయి తిన్నావా అని అడిగారు. రెండోసారి స్కూటీ మీద ఆఫీసుకి వెళ్లడం వల్లే అన్నారు. మూడోసారి టెస్టులో రెండు గీతలు కనపడిన రోజు నుంచీ బాత్‌రూమ్‌కి తప్ప మంచం దిగలేదు. అయినా పోయింది. ఇప్పుడు సర్పదోషం అంటే శ్రీకాళహస్తి కూడా వెళ్లొచ్చాం. మా అత్తగారు చెడ్డమనిషి కాదు, నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆవిడే. కానీ ప్రతిసారీ ఏదో ఒక కారణం వెతుకుతారు, అది ప్రతిసారీ నేను చేసిన పనే అవుతుంది.

డి అండ్ సి రోజు నర్సు మా ఆయన చేతికి తెల్ల మూత ఉన్న చిన్న డబ్బా ఇచ్చి కింద ల్యాబ్‌లో ఇచ్చి రమ్మంది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని లిఫ్ట్ ఎక్కకుండా మెట్లు దిగారట. వారం తర్వాత వచ్చిన రిపోర్టులో ఒకటే లైను, అది గర్భం తాలూకు కణజాలమేనని. అది మాకు తెలియదా! ఎందుకు పోయిందో మాత్రం లేదు. తర్వాత టార్చ్ టెస్ట్ (రుబెల్లా లాంటి కొన్ని ఇన్ఫెక్షన్లకి చేసే రక్తపరీక్ష) రాశారు, అందులో రుబెల్లా ఐజీజీ (ఒక రకం యాంటీబాడీ) పాజిటివ్ వస్తే దానికో కోర్సు మందులు. ఇంకో డాక్టరేమో నేరుగా ఐవీఎఫ్‌కి వెళ్లమంటున్నారు. నాకు గర్భం రావడం సమస్య కాదు కదా, నిలవకపోవడం కదా? మా ఆయనకైతే ఇంతవరకూ ఒక్క పరీక్షా రాయలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

బెజవాడ_అమ్మ:

చెల్లీ, ముందు ఆ బొప్పాయినీ స్కూటీనీ తీసి పక్కన పెట్టు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయి. అండం, వీర్యకణం కలిసేనాటికే జరిగిపోయే తప్పు అది. అప్పటికి నువ్వు స్కూటీ తాళం కూడా తీసి ఉండవు. మంచం పట్టుకుని పడుకుంటే నిలుస్తుందని కూడా ఎక్కడా తేలలేదు.

నాకు నాలుగు పోయాయి. నాలుగోది పన్నెండో వారంలో. అప్పుడు ఒక పెద్దావిడ డాక్టరు ఏపీఎస్ పరీక్షలు రాశారు. ఏపీఎస్ అంటే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, ఒంట్లో తయారయ్యే కొన్ని యాంటీబాడీల వల్ల రక్తం గడ్డకట్టి గర్భం పోయే జబ్బు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీ కార్డియోలిపిన్, యాంటీ బీటా 2 గ్లైకోప్రొటీన్, ఈ మూడూ. గర్భం పోయిన వెంటనే వద్దని ఆరు వారాలు ఆగి ఇమ్మన్నారు. పాజిటివ్ వచ్చాక పన్నెండు వారాలు ఆగి మళ్లీ చేశారు. ఒక్కసారి పాజిటివ్ వస్తే లెక్కలోకి రాదు, జ్వరం వచ్చి తగ్గినా కొన్నాళ్లు అలా కనపడొచ్చట. ఆ మూడు నెలలు ఎలా గడిచాయో నాకే తెలుసు.

రెండోసారీ పాజిటివే. మళ్లీ నెల తప్పగానే రోజూ ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు, పొట్ట మీద హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఇంజెక్షన్. మొదటి వారం మా అమ్మ చేసింది, చేతులు వణికిపోయేవి. తర్వాత నేనే నేర్చుకున్నా. బొడ్డుకి కనీసం రెండు అంగుళాల దూరంలో చర్మం మడత పట్టి గుచ్చాలి, తీశాక రుద్దకూడదు, రుద్దితే నీలం మచ్చ పడుతుంది. ఖాళీ సిరంజిలు ఒక హార్లిక్స్ సీసాలో వేసేదాన్ని. డెలివరీ నాటికి ఐదు సీసాలు నిండాయి. పాపకి ఇప్పుడు రెండేళ్లు, ఈ మాట టైప్ చేస్తుంటే ఛార్జర్ వైరు లాగుతోంది.

ఒక్క సంగతి. నాకు పనిచేసిందని నువ్వు ఆ ఇంజెక్షన్లు మొదలుపెట్టకు. ఏపీఎస్ లేనివాళ్లకి వాటివల్ల ఉపయోగం లేదు. థైరాయిడ్, షుగర్ ఎలాగూ చూస్తారు. త్రీడీ స్కాన్ అడుగు. కొందరికి గర్భసంచి మధ్యలో అడ్డుగోడ ఉంటుంది, మామూలు స్కాన్‌లో తప్పిపోవచ్చు.

రక్తపరీక్ష_2:

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. అమ్మా, ఆ డబ్బాలో ఘాటు వాసన వచ్చిందా? అయితే అది ఫార్మలిన్. అందులో వేస్తే మైక్రోస్కోప్ కింద చూసే బయాప్సీ రిపోర్టు మాత్రమే వస్తుంది. క్రోమోజోములు పెంచి చూడాలంటే కణాలు బతికి ఉండాలి. ఫార్మలిన్‌లో పడ్డాక చచ్చిపోతాయి. అలాంటి రోజు మళ్లీ రాకూడదు. వస్తే మాత్రం ఆపరేషన్‌కి ముందే చెప్పండి, కొంత భాగం స్టెరైల్ సెలైన్‌లో (క్రిములు లేని ఉప్పునీటిలో) వేసి జెనెటిక్స్ ల్యాబ్‌కి పంపమని. థియేటర్‌లోకి వెళ్లాక చెబితే ఎవరికీ గుర్తుండదు. ఆ రిపోర్టులో బిడ్డ క్రోమోజోముల్లోనే తేడా అని వస్తే కారణం తెలిసినట్టే, మీ ఒంట్లో వెతుక్కునే పని చాలావరకు తప్పుతుంది.

టార్చ్ గురించి చెబితే మా ఓనరు నన్ను తిడతాడు. పదే పదే గర్భం పోయినవాళ్లకి ఆ పరీక్ష అవసరం లేదు. రుబెల్లా ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఆ జబ్బు వచ్చిపోయిందనో, టీకా పడిందనో అర్థం. అది మంచిదే. దానికి మందులేంటి!

ఒక_నాన్న:

మీ ఆయనకి ఒక్క పరీక్షా రాయలేదన్నారు కదా, అది చూసి రాస్తున్నా. మా ఇంట్లోనూ రెండేళ్లు అంతే. మా ఆవిడ చేతి నుంచి ఎన్ని ట్యూబుల రక్తం తీశారో. చివరికి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో జెనెటిక్స్ వాళ్లు ఇద్దరికీ కార్యోటైప్ (రక్తం తీసి క్రోమోజోములు చూసే పరీక్ష) రాశారు. తేడా నాలో ఉంది. రెండు క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోట ఒకటి మారి ఉన్నాయి. మొత్తం సరుకు సరిపోయింది కాబట్టి నాకు ఏ జబ్బూ లేదు. బిడ్డకి వెళ్లేటప్పుడు సగమే వెళ్తుంది కదా, అక్కడ ఎక్కువ తక్కువలు వస్తాయి. ఇది వందలో మూడు, నాలుగు జంటల్లోనే ఉంటుందట. అయినా చూస్తేనే కదా తెలిసేది.

ఐవీఎఫ్ ఒక దారి, పిండాన్ని పరీక్షించి వేస్తారు. మేము ఖర్చు తూగక మామూలుగానే ప్రయత్నించాం. ఇంకొకటి పోయింది, ఆ తర్వాతది నిలిచింది. పదహారో వారంలో ఉమ్మనీరు తీసి చూశారు. బాబు బాగున్నాడు. నా కార్యోటైప్ రిపోర్టు వచ్చిన రోజు మా అమ్మ ముందు దాన్ని గట్టిగా చదివాను. ఆ రోజు నుంచి మా ఆవిడని ఆవిడ ఒక్క మాట అనలేదు.

బెజవాడ_అమ్మ:

ఇంకో మాట మరిచాను. అన్నీ నార్మల్ వచ్చినా బెంగపడకు. సగం మందికి అంతే, కారణం దొరకదు. నీ వయసులో అలాంటివాళ్లలో ఎక్కువమందికి తర్వాతిది నిలుస్తుంది. ఈసారి మొదట్లో కాస్త బ్లీడింగ్ కనపడితే ఆ రోజే వెళ్లు, ప్రొజెస్టెరాన్ (గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్) గురించి అడుగు. బ్రిటన్‌లో 4 వేల మందికి పైగా ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన 2019లో వచ్చింది. మూడు లేదా అంతకన్నా ఎక్కువ పోయి, మళ్లీ బ్లీడింగ్ అయినవాళ్లలో అది వాడినవాళ్లకి నూటికి 72 మందికి బిడ్డ పుట్టింది, వాడనివాళ్లకి 57 మందికి. ఆఫీసులో సెలవు ఇచ్చారా? గర్భం పోయినా ఆరు వారాల జీతంతో సెలవు 1961 నుంచీ చట్టంలో ఉంది.

ఖమ్మం_కోడలు:

నాలుగు రోజులిచ్చారు అక్కా, అదీ జీతం కట్ చేసి. డిశ్చార్జ్ కాగితం జత చేసి రేపు మెయిల్ పెడతాను.

డబ్బా వాసన గురించి మా ఆయన్ని అడిగాను. "కళ్లు మండాయి, ఏడుపు వల్ల అనుకున్నా" అన్నారు. ఇన్నాళ్లలో ఆ మాట నాకు చెప్పలేదు.

నా పరీక్షలకి ఇంకా రెండు వారాలు ఆగాలి. ఆయన సోమవారం సెలవు పెట్టారు, రక్తం ఇవ్వడానికి. అత్తగారికి ఇంకా చెప్పలేదు.