డైలీ మార్కెట్ ఆశీలు ఎత్తేయాలా, వద్దా?

పాతబస్టాండు:
మొన్న కౌన్సిల్ సాధారణ సమావేశానికి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. అజెండాలో ముప్పై రెండు అంశాలు. బోరు మోటార్ల రిపేర్లు, బ్లీచింగ్ పౌడరు, పారిశుద్ధ్య కార్మికులకు సబ్బులు, కొబ్బరినూనె, ఇలా మొదటి పదహారూ "ఆమోదం, ఆమోదం" అంటూ పావుగంటలో అయిపోయాయి. పదిహేడో అంశం దగ్గర బండి ఆగింది. వచ్చే ఆర్థిక సంవత్సరానికి డైలీ మార్కెట్ ఆశీలు వసూలు హక్కుకు బహిరంగ వేలం.

తెలియని కుర్రాళ్ల కోసం చెప్తున్నా. మార్కెట్లోనూ రోడ్డు పక్కనా కూర్చుని అమ్ముకునేవాళ్ల దగ్గర మున్సిపాలిటీకి రోజూ రావాల్సిన రుసుమును ఆశీలు అంటారు. మున్సిపాలిటీ తనే వసూలు చేసుకోదు. ఏడాదికోసారి పాట పెడుతుంది. ఎక్కువ పాడినవాడు ఆ సొమ్ము కట్టి, ఏడాదంతా తన మనుషుల్ని పెట్టి వసూలు చేసుకుంటాడు. మన మార్కెట్ గేటు మీది బోర్డులో గంపకు 10, తోపుడు బండికి 20 అని ఉంది. వసూలు చేసేది 20, 40. ఇది కౌన్సిల్లో తెలియనివాళ్లు లేరు. గంటన్నర అరుచుకుని వాయిదా వేశారు.

అసలు ఈ ఆశీలు ఎత్తేస్తే కొంపలేం మునుగుతాయి? మీరేమంటారు?

బండ్లవీధి:
ఎత్తేయాలి. ఇందులో చర్చ ఏముంది? మా అమ్మ గడియార స్తంభం దగ్గర ఆకుకూరలు అమ్ముతుంది. తెల్లవారుజామున మూడున్నరకి లేచి, తోటల దగ్గర కట్టలు తెచ్చుకుని, ఆరింటికల్లా గంప దించుతుంది. ఒక్క గోంగూర కట్ట అమ్మకముందే వాడొచ్చి నిలబడతాడు. బోణీ కాలేదు, తర్వాత రా అంటే వినడు. ఎండాకాలం మధ్యాహ్నానికి తోటకూర వాడిపోయి సగం ఆవులకే పోతుంది. ఆ రోజు కూడా 20 ఇవ్వాల్సిందే. నేను ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు ఒకసారి బోర్డు చూపించి పదే ఇస్తానన్నాను. గంపని కాలితో జరిపాడు. పుదీనా అంతా రోడ్డు మీద పడింది. అమ్మ నన్నే తిట్టింది.

కాకతీయకాలువ:
మా వరంగల్ వైపు దీన్నే తైబజార్ అంటారు. పేరు మారినా పద్ధతి ఇదే.

ఇత్తడికొట్టు:
నేనూ ఎత్తేయమనే అంటాను. మున్సిపాలిటీకి ఈ చిల్లర డబ్బులు అవసరమా? చెరువు గట్టు వెనక కొత్త షెడ్లు కట్టి ఖాళీగా పెట్టారు. ఆశీలు రద్దు చేసి అందర్నీ అక్కడికి పంపితే వాళ్లకి నీడ, మనకి దారి. ఎవరికీ నష్టం లేదు.

లెక్కల_మాస్టారు:
చిన్న సందేహం. ఆ 20 రూపాయలకి ఇచ్చే రసీదు మీద వరస నంబరు ఉంటుందా?

బండ్లవీధి:
మాస్టారూ, మనుషుల్ని దోచుకుంటున్నారని చెప్తుంటే నంబరు గొడవేంటండీ?

లెక్కల_మాస్టారు:
నంబరు లేనిది రసీదు కాదు, చీటీ. నంబరు లేకపోతే రోజుకి ఎన్ని చించారో తెలీదు. ఎన్ని చించారో తెలీకపోతే వచ్చే ఏడాది సర్కారు పాట, అంటే వేలం మొదలయ్యే కనీస ధర, ఎంత ఉండాలో ఎలా కడతారు? అడిగింది అందుకు.

ఫిల్టర్_కాఫీ:
మాస్టారు క్లాసు మొదలుపెట్టారు.

రిటైరైన_గుమాస్తా:
ఈ ఊరి మున్సిపాలిటీలోనే రెవెన్యూ సెక్షన్లో ముప్పై రెండేళ్లు చేశాను కాబట్టి నాలుగు ముక్కలు చెప్తాను, పొడుగైతే ఏమీ అనుకోకండి. ఆశీలు పాట అంటే పైకి కనిపించేది వేరు. ధరావతు (డిపాజిట్) కట్టినవాళ్లు ఎనిమిది మంది హాల్లో కూర్చుంటారు. వాళ్లు ముందు రోజు రాత్రే మాట్లాడుకుని వస్తారు. ఒకడు సర్కారు పాట మీద ఓ వెయ్యి పెంచుతాడు, ఇంకోడు ఇంకో వెయ్యి, మిగతావాళ్లు చూరు వైపు చూస్తూ కూర్చుంటారు. పాట కొట్టేస్తారు. చూస్తూ కూర్చున్నవాళ్లకి సాయంత్రం గుడ్‌విల్ అందుతుంది. ఆ గుడ్‌విల్ ఎక్కణ్నుంచి వస్తుంది? గంపకి 10 బదులు 20 తీసుకుంటేనే వస్తుంది. అందుకని బోర్డు రేటు ఎప్పటికీ అమలు కాదు.

మరి శాఖాపరంగా మనమే వసూలు చేద్దామని ఒక ఏడాది చేశాం. మేము పదింటికి ఆఫీసులో సంతకం పెట్టి మార్కెట్‌కి వెళ్లేసరికి, పల్లెల నుంచి గంపలతో వచ్చినవాళ్లు హోల్‌సేల్‌కి పోసేసి వెళ్లిపోయేవారు. పాటలో వచ్చేదాంట్లో సగం కూడా రాలేదు. ఆడిటర్ మా మీద అభ్యంతరం రాశాడు. తెల్లారి ఐదింటికి డ్యూటీ వెయ్యాలని ఎవరికీ తట్టలేదు, మాకు తట్టినా మేము చెప్పలేదు.

ఎత్తేయడం తేలికే. మన ఆంధ్రాలో చెత్త పన్ను 2021లో పెట్టారు, 2024లో తీసేశారు. తీసేసినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. చెత్త బండి డీజిల్ మాత్రం తీసేయలేదు కదా. రాజ్యాంగం 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీకి 18 పనులు రాసిచ్చారు. డబ్బులు రాసిచ్చింది ఎక్కడా కనపడలేదు నాకు.

వార్డు14_మాజీ:
నేను 2014 నుంచి 2019 దాకా కౌన్సిలర్‌గా చేశాను. ఇక్కడ ఎవరూ ఎత్తని మాట ఒకటి ఉంది. వీధి వ్యాపారుల చట్టం వచ్చిందే 2014లో. దాని ప్రకారం ప్రతి ఊళ్లో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లని వ్యాపారులే ఎన్నుకోవాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. ఐదేళ్లకోసారైనా సర్వే చేసి సర్టిఫికెట్లు ఇవ్వాలి. సర్వే పూర్తయ్యే దాకా ఎవర్నీ లేపడానికి వీల్లేదు. లేపాల్సి వచ్చినా 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

మా హయాంలో కమిటీ ఉంది, కాగితం మీద. మార్కెట్‌తో సంబంధం లేని ఇద్దర్ని వ్యాపారుల ప్రతినిధులని రాశారు. నేను అభ్యంతరం చెప్పి మినిట్స్‌లో రాయమన్నాను. రాస్తామన్నారు. తర్వాతి సమావేశంలో చూస్తే "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఉంది.

సైకిల్_బెల్లు:
మేడమ్, మీ హయాంలో మీరు మాట్లాడగా విన్నవాళ్లెవరండీ? మాట్లాడిందంతా సారు కదా. మా వీధి లైటు కోసం మీ ఇంటికొస్తే సారుని కలవమన్నారు.

వార్డు14_మాజీ:
మొదటి ఆరు నెలలు నిజమే, దాచను. పక్క కుర్చీ వేయించుకుని ఆయనే మాట్లాడేవారు. తర్వాత ఒక రోజు టేబుల్ అజెండాలో, అంటే అప్పటికప్పుడు చేర్చే అంశాల్లో, నాకు తెలియకుండా నా వార్డు డ్రైనేజీ పని వేరే వార్డుకి మార్చేశారు. ఆయన తలూపారు. ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. మరుసటి నెల నుంచి ఆయన బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నారు, నేను లోపల కూర్చున్నాను. మీ వీధి లైటు నేను వేయించిందే, కావాలంటే స్తంభం మీద తేదీ చూసుకోండి.

ఫిల్టర్_కాఫీ:
😂 వెళ్లి చూసిరా బెల్లూ.

లెక్కల_మాస్టారు:
రసీదు నంబరు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇత్తడికొట్టు:
మేడమ్, చట్టం మాకూ తెలుసు. చట్టంలో ఎంతమందికి చోటివ్వాలో కూడా ఉంది, జనాభాలో రెండున్నర శాతం దాకా. అంటే అరవై వేల ఊళ్లో పదిహేను వందల మంది! గడియార స్తంభం రోడ్డు మీద పడుకోబెట్టినా పట్టరు.

లెక్కల_మాస్టారు:
లెక్క సరిపోయింది, 1500. అయితే అది ఊరు మొత్తానికి, ఒక్క రోడ్డుకి కాదు.

బండ్లవీధి:
అన్నా, మొదట ఆశీలు తీసేయాలన్నావు, వాళ్ల మంచికే అన్నావు. ఇప్పుడు రోడ్డు మీద పట్టరంటున్నావు. నీ బాధ ఆశీలా, మనుషులా?

ఇత్తడికొట్టు:
అడిగావు కాబట్టి చెప్తా. రెండూ. మా నాన్న 1979లో అప్పు చేసి ఆ కొట్టు కొన్నాడు. ట్రేడ్ లైసెన్స్ కడుతున్నా, జీఎస్టీ కడుతున్నా. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్ను స్థలం, బిల్డింగు విలువ మీద వేస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్నారు, నాకు మాత్రం ఏటా ఆ 15 వరకూ పెరుగుతూనే ఉంది. నా మెట్ల ముందు నాలుగు గంపలు, రెండు బండ్లు. పెళ్లి సామాన్లకి కారులో వచ్చినవాళ్లు ఆపుకునే చోటు లేక బైపాస్ మీది షోరూమ్‌కి పోతున్నారు. కమిషనర్‌కి అర్జీ పెడితే ఏమన్నాడో తెలుసా? "వాళ్లు ఆశీలు కడుతున్నారండీ, ఎలా లేపుతాం?" రోజుకి ఇరవై కట్టినవాడికి ఉన్న హక్కు ఏడాదికి వేలు కట్టే నాకు లేదా?

లెక్కల_మాస్టారు:
ఏటా 15 చొప్పున పెరిగితే ఐదేళ్లకి రెట్టింపు.

ఇత్తడికొట్టు:
థాంక్స్ మాస్టారూ, పుండు మీద కారం.

పాతబస్టాండు:
ఆగండి. అంటే ఆశీలు రద్దయితే వాళ్లు అక్కడ ఉండడానికి ఆధారం పోతుందని, అందుకే రద్దు చేయమంటున్నారా?

ఇత్తడికొట్టు:
నేను అలా అనలేదు. కమిషనర్ అన్నాడు.

బండ్లవీధి:
అన్నావు. అనకుండానే అన్నావు. మీ కొట్టు మెట్లు కాలువ దాటి మూడడుగులు రోడ్డు మీదకి ఉన్నాయి, దానికి ఏ లైసెన్స్ ఉంది? మీ వరసలోనే ఇద్దరు ముగ్గురు కొట్టు ముందు కూర్చున్నందుకు రోజుకి 50 తీసుకుంటారు, బల్బు వెలిగించినందుకంట. ఆ యాభైకి రసీదు ఇస్తారా? మున్సిపాలిటీ రోడ్డుకి మీరు అద్దె వసూలు చేసుకోవచ్చు, మా అమ్మ కూర్చుంటే ఆక్రమణ!

ఇత్తడికొట్టు:
నేను ఒక్క పైసా తీసుకోను. పక్కవాళ్ల సంగతి వాళ్లనడుగు. మీ అమ్మ ఏ కొట్టు ముందు కూర్చుంటుందో కూడా నాకు తెలీదు. వానొస్తే గంపలన్నీ మా వసారాలోనే పెట్టుకుంటారు, ఎప్పుడైనా వద్దన్నానా?

సైకిల్_బెల్లు:
మెట్ల సంగతి మాత్రం నిజం. నేను రెండుసార్లు తట్టుకుని పడ్డాను.

వార్డు14_మాజీ:
ఆ చట్టంలోనే ఇంకొకటి కూడా ఉంది. యాభై ఏళ్లకి పైబడి వ్యాపారం సాగుతున్న సహజ మార్కెట్‌ని వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడివాళ్లని తరలించకూడదు. గడియార స్తంభం దగ్గర సంత నా చిన్నప్పటి నుంచీ ఉంది.

ఇత్తడికొట్టు:
చిన్నప్పటి నుంచీ అంటే రుజువు కాదు మేడమ్. యాభై ఏళ్లకి కాగితం ఏది?

రిటైరైన_గుమాస్తా:
నేను 1984లో చేరేనాటికే గడియార స్తంభం రోడ్డు ఆశీలు పాటలో ఉంది. పాట రిజిస్టర్లు రికార్డు గదిలో ఉండాలి. ఉండాలి అంటున్నాను. ఆ గదిలో చెదలు, వాన నీళ్లు తర్వాతే మనుషులు. రసీదు పుస్తకాల కౌంటర్ ఫాయిళ్లు మాత్రం గడువు దాటాక మేమే వరండా వెనక కాల్చేవాళ్లం.

పాతబస్టాండు:
అంటే వాళ్లు అన్నేళ్లుగా అక్కడున్నారని చెప్పగలిగిన కాగితం ఈ ఆశీలు కాగితమేనన్నమాట.

బండ్లవీధి:
రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ఆశీలు తీసేయాలని మేం మాట్లాడుకుంటున్నాం అని గొప్పగా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఎవర్రా తీసేయమంది? అది తీసేస్తే రేపు ఎవడో వచ్చి ఇక్కడెందుకు కూర్చున్నావంటే ఏం చూపించను?" అంది. ఒకసారి కాటా ఎత్తుకుపోతే రసీదు చూపించి తెచ్చుకుందంట. నాకెప్పుడూ చెప్పలేదు.

వార్డు14_మాజీ:
కాటా తీసుకుంటే, రుసుము కట్టి అడిగిన రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి బాబూ, కూరగాయల్లాంటివైతే అడిగిన రోజే.

బండ్లవీధి:
చట్టం ఆ కాటా తీసుకున్నవాడికి చెప్పండి మేడమ్. నేను మొదట రాసింది వెనక్కి తీసుకోను, దోపిడీ దోపిడీయే. గంపకి పదే తీసుకోవాలి, పాటదారు పోవాలి. రసీదు ఉండాలి. ఇత్తడి అన్న కోసం మాత్రం తీసేయకూడదు.

ఇత్తడికొట్టు:
నన్నొక విలన్‌ని చేశారుగా. సరే. పార్కింగ్ మాట ఎవరూ ఎత్తరు.

రిటైరైన_గుమాస్తా:
పార్కింగ్ ఫీజుకి కూడా పాట పెడతారు, తొందరపడకు.

పాతబస్టాండు:
పదిహేడో అంశం వచ్చే సమావేశంలో మళ్లీ పెడతారంట. ఎవరైనా వస్తారా నాతో? వెనక బెంచీ ఖాళీయే.

బండ్లవీధి:
ఆదివారం ఊరొస్తున్నా, ఆ రోజుకి ఉంటాను. అమ్మ బిస్కెట్ డబ్బా తెరిపించి వీడియో కాల్‌లో చూశాను. ఏడాదికో కట్ట, రబ్బరు బ్యాండు వేసి. 1998 నుంచి ఉన్నాయి. మాస్టారూ, మీరడిగిన నంబర్లు పాత వాటి మీద ఉన్నాయి, మున్సిపాలిటీ ముద్ర కూడా ఉంది. 2016 తర్వాత వాటి మీద రెండూ లేవు. రంగు కాగితం ముక్క, మీద 20 అని అచ్చు.

లెక్కల_మాస్టారు:
2016లో ఏ నెల?