ఎన్‌సీజీఏకి ఏటా డబ్బు కట్టడం దండగ కాదా?

త్రీపుట్ మూర్తి: ఉత్తర కాలిఫోర్నియా గోల్ఫ్ అసోసియేషన్‌కి (ఎన్‌సీజీఏ) ఏటా సభ్యత్వం కడుతున్నా. దక్కేది ఫోన్‌లో ఒక హ్యాండీక్యాప్ అంకె, అంటే పోటీలో నా స్కోరులోంచి సుమారుగా ఎన్ని స్ట్రోకులు (దెబ్బలు) తీసేయాలో చెప్పేది. ఆఖరి 20 రౌండ్లలో మంచివి 8 తీసి సగటు కట్టడం మా అబ్బాయి ఎక్సెల్‌లో చేసిపెడతాడు. దీనికో సంస్థా?

లివర్‌మోర్ అక్క: మీ అబ్బాయి ఎక్సెల్‌కి కోర్సు రేటింగు, అంటే ఆ మైదానం ఎంత కష్టమో చెప్పే అంకె, ఎవరిస్తారు మూర్తి గారూ? ఎన్‌సీజీఏ వాలంటీర్లు ప్రతి కోర్సుకీ వెళ్లి దూరాలు, బంకర్లు (ఇసుక గుంటలు), నీటి గుంటలు చూసి లెక్క కడతారు. స్లోప్ (ఇదీ కష్టం చెప్పే అంకే) 113 ఉన్న చోట కొట్టిన 90, 140 ఉన్న చోట కొట్టిన 90 ఒకటేనా? పిల్లలు 5 డాలర్లకే ఆడుకునే యూత్ ఆన్ కోర్స్‌ని 2006లో మొదలుపెట్టింది కూడా వీళ్లే. మా పాప అలాగే నేర్చుకుంది.

త్రీపుట్ మూర్తి: పిల్లల సంగతి ఎవరడిగారక్కా? మొన్న తెల్లారుజామునే ఒక్కణ్నే వెళ్లి 79 కొట్టాను. ఇంత తక్కువ దెబ్బల్లో ముగించడం జీవితంలో మొదటిసారి! ఒంటరిగా ఆడితే లెక్కలోకి రాదట. నేనేమైనా దొంగనా?

లివర్‌మోర్ అక్క: ఆ రూలు వీళ్లది కాదు. 2016 నుంచి అమెరికా అంతటా యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) పెట్టింది.

బర్డీ రాదు: మా ఆవిడ కార్ట్‌లో నిద్రపోతుంటే ఒంటరి కిందే లెక్కా?

త్రీపుట్ మూర్తి: నవ్వండి. నా 79 పనికిరాదు గానీ, మా క్లబ్బులో ఒకాయన ఆట రానట్టు అంకె పెంచి, 24 స్ట్రోకుల రాయితీ పుచ్చుకుని టోర్నమెంటు రోజు 83 కొట్టాడు. నెట్ 59! కప్పు పట్టుకుపోయాడు. అప్పుడేమైంది మీ ఎన్‌సీజీఏ?

లివర్‌మోర్ అక్క: అది చూసుకోవాల్సింది మీ క్లబ్బు హ్యాండీక్యాప్ కమిటీ. ఆయన అంకె తగ్గించే అధికారం వాళ్లకుంది. ఫిర్యాదు చేశారా?

శాన్‌హోసే స్లైస్: +1. మా దగ్గర ఒకాయన అంకె అలాగే కోశారు.

త్రీపుట్ మూర్తి: కమిటీలో ముగ్గురం. ఒకరు ఆయనే. రెండోవాడు ఆయన కార్లోనే కోర్సుకొస్తాడు. మూడోవాణ్ని నేను. ఆ కప్పు పట్టుకుపోయినాయన మా బావగారక్కా! సంక్రాంతికి వాళ్లింట్లోనే భోజనం. బయటివాడెవడైనా వచ్చి కొయ్యాలి గానీ నా వల్ల కాదు.

లివర్‌మోర్ అక్క: ఇందాక సంస్థే దండగన్నారు. ఇప్పుడు మీ ఇంటి తగవు కూడా అదే తీర్చాలా? పక్కవాడి ఆట చూసినవాడే నోరు తెరవాలి. పద్ధతంతా దానిమీదే నడుస్తోంది.

త్రీపుట్ మూర్తి: మీకు బావగారు లేరనుకుంటా.

బర్డీ రాదు: మూర్తి గారూ, ఆదివారం పొద్దున నేను ఖాళీ. పక్కనే ఉంటా, మళ్లీ 79 కొట్టండి.