షాట్‌గన్‌కి స్టాక్ మార్చాలా? లైటు, స్లింగ్ ఏం వాడుతున్నారు?

ప్లేనో_శీను
ఇంట్లో మాస్‌బర్గ్ 500 పంప్ షాట్‌గన్ ఉంది, 12 గేజ్ (గొట్టం సైజు). కంపెనీ స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) దాదాపు 14 అంగుళాలు, నాకే మెడ సాగదీయాల్సి వస్తోంది. మా ఆవిడ అయిదడుగుల మనిషి, మొన్న రేంజ్‌లో రెండు రౌండ్లు కాల్చి భుజం పట్టుకుని కూర్చుంది. స్టాక్ ఏది వెయ్యాలి, లైటు కావాలా, స్లింగ్ (భుజాన తగిలించుకునే పట్టీ) ఉంచాలా, సైడ్ శాడిల్ (పక్కన అదనపు గుళ్లు పెట్టుకునే హోల్డర్) పనికొస్తుందా? వాడినవాళ్లు చెప్పండి.

హ్యూస్టన్_రెడ్డి
మ్యాగ్‌పుల్ ఎస్‌జీఏ స్టాక్ వెయ్యండి. స్పేసర్లు (పొడవు పెంచే ముక్కలు) తీసేస్తే 12.5 అంగుళాలు, అన్నీ వేస్తే 14.5. రెమింగ్టన్ 870 షాట్‌గన్‌ది వేరు, మాస్‌బర్గ్‌ది వేరు, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. నేను చూసుకోకుండా ఆర్డర్ పెట్టి రిటర్న్ కోసం పదిహేను రోజులు తిరిగాను.

కమాండో_కిట్టు
స్టాక్ ఎందుకు బ్రో, పిస్టల్ గ్రిప్ (స్టాక్ లేకుండా చేతి పిడి ఒక్కటే) వేసెయ్. చిన్నగా ఉంటుంది, తలుపుల దగ్గర తగలదు. నేనదే వాడుతున్నా.

రేంజ్_మాస్టారు
కిట్టూ, ఆయన అడిగింది మాస్‌బర్గ్ గురించి. దాని సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) పైన, బొటనవేలి దగ్గర ఉంటుంది. మామూలు స్టాక్‌తో వేలు జరిపితే చాలు. పిస్టల్ గ్రిప్ వేస్తే పట్టు వదిలితేగానీ అందదు. 870 సేఫ్టీ ట్రిగ్గర్ వెనక అడ్డంగా ఉంటుంది కాబట్టి దానికి నడుస్తుంది. పైగా భుజానికి ఆనకపోతే గురి ఎలా కుదురుతుంది? పదకొండేళ్లుగా క్లాసులు చెప్తున్నా, ఈ ముచ్చట పడి వచ్చినవాళ్లందరూ మళ్లీ స్టాక్ వేయించుకున్నవాళ్లే.

కమాండో_కిట్టు
ఎడమ చేత్తో తీస్తా మాస్టారూ, ఏమవుతుంది.

రేంజ్_మాస్టారు
ఎడమ చెయ్యి పంప్ (ముందుకీ వెనక్కీ లాగే పిడి) మీద ఉండాలయ్యా!

కమాండో_కిట్టు
క్లాసులు అమ్ముకునేవాళ్లకి అన్నీ తప్పులే కనిపిస్తాయిలెండి.

కాకినాడ_కాజా
ఆయన ఆవిడ భుజం నొప్పి గురించి అడిగితే మీరిద్దరూ బొటనవేలి దగ్గర ఆగిపోయారు. నాదీ అయిదడుగులే. ముందు గుళ్లు మార్చండి శీను గారూ, తక్కువ రీకాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) ఉన్న బక్‌షాట్ గుళ్లు వేరే వస్తాయి, తేడా మొదటి రౌండ్‌లోనే తెలుస్తుంది. నేనైతే చివరికి 20 గేజ్ (12 కన్నా చిన్న గొట్టం) కొనుక్కున్నా. మా ఆయన రెండు నెలలు నవ్వాడు, ఇప్పుడు రేంజ్‌కి వెళ్తే నాదే అడుగుతాడు.

తాతగారి_తుపాకి
మా తాతకి కడప జిల్లాలో అడవిపందుల కోసం 12 బోర్ డబుల్ బ్యారెల్ ఉండేది. కట్టె స్టాక్ పొడుగైందని ఊరి వడ్రంగి చేత వెనక అంగుళం కోయించాడు, అంతే, స్పేసర్లూ లేవు ఏమీ లేవు. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసి రావాలి. ఒకసారి స్టాక్ పగిలి తిరిగొచ్చింది, అడిగితే "ముందే అలా ఉంది" అన్నారు. ఆ కోపం తాతకి చివరిదాకా పోలేదు.

హెచ్1బి_హరి
మధ్యలో వస్తున్నందుకు సారీ, హెచ్1బి మీద కొనొచ్చా అసలు?

హ్యూస్టన్_రెడ్డి
మామూలుగా కుదరదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డ్‌కి ఆ గొడవ లేదు. నా మాట పట్టుకుని వెళ్లకు, లాయర్‌ని అడుగు, వీసాతో ఆటలొద్దు.

రేంజ్_మాస్టారు
శీను గారూ, సైడ్ శాడిల్ వేస్తే స్క్రూలు బలంగా బిగించకండి. రిసీవర్ (తుపాకి మధ్యలో ఉండే లోహపు పెట్టె) నొక్కుకుపోయి పంప్ పట్టేస్తుంది, మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం అవే. వెల్‌క్రోతో అంటించే గుళ్ల కార్డులు నయం. స్లింగ్ ఇంట్లో తలుపు పిడికి తగులుకుంటుంది, నేను తీసేశాను.

కాకినాడ_కాజా
పిల్లలున్నారా ఇంట్లో? ఉంటే ఈ సామాన్ల కన్నా ముందు సేఫ్ కొనండి. టెక్సాస్‌లో లోడ్ చేసిన తుపాకి నిర్లక్ష్యంగా వదిలేసి అది 17 లోపు పిల్లల చేతికి చిక్కితే కేసే.

కమాండో_కిట్టు
రాత్రి సేఫ్ తెరిచేలోపు దొంగ టీ తాగి వెళ్తాడు.

కాకినాడ_కాజా
వేలిముద్రతో రెండు సెకన్లు పడుతుంది. మీకు పిల్లలు లేరని మాత్రం అర్థమైంది.

ప్లేనో_శీను
పాప ఉంది, నాలుగేళ్లు. సేఫ్ ఉంది, తాళంచెవిది, మార్చేస్తా. ఎస్‌జీఏ ఆర్డర్ పెట్టా, మాస్‌బర్గ్‌దే, మూడుసార్లు చూసుకున్నా. గుళ్లు కూడా మారుస్తున్నా. లైటు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

హ్యూస్టన్_రెడ్డి
స్ట్రీమ్‌లైట్ టీఎల్ ర్యాకర్. పంప్‌లోనే లైటు, 1000 ల్యూమెన్లు. ఇది కూడా 870ది వేరే.

తాతగారి_తుపాకి
మా తాత అయితే మూడు సెల్లుల టార్చి బ్యారెల్‌కి గుడ్డతో కట్టేవాడు.